చలిజ్వరం – జీవుల పునరుత్పత్తి, రోగనిరోధం

వనపర్తి ప్రాంతంలోని శ్రీరంగాపూర్ పేరు చెప్పగానే అక్కడి విశాలమైన చెరువు జ్ఞాపకం వస్తుంది. రంగనాయకస్వామి ఆలయాన్ని ఆనుకొని ఉన్న ఆ జలాశయానికి రంగసముద్రం అని పేరు. వర్షాలు తక్కువగా కురిసే పాలమూరు సీమలో చెరువే ప్రాణాధారం. పంట, పశువు, మనిషి, అన్నీ ఆ నీటిని నమ్ముకొనే బ్రతికినవి. అయితే నీరు నిలిచిన చోట మరొక జీవి కూడా బ్రతుకుతుంది. వానకాలం ముగిసే రోజులలో, పొలాలలో నీరు నిలిచి, చెరువు అంచులలో నాచు పట్టినప్పుడు, పల్లెలలో చలిజ్వరం మొదలవుతుందన్న సంగతి తరతరాలుగా పెద్దలకు తెలిసినదే. నీటికీ జ్వరానికీ సంబంధం ఉన్నదని వారు గ్రహించారు. ఆ సంబంధం ఏమిటో మాత్రం 1897 వరకు ప్రపంచంలో ఎవ్వరికీ తెలియదు. అది తెలిసినది కూడా ఏ ఐరోపా నగరంలోనో కాదు. నాటి నిజాం రాజ్యంలోని సికింద్రాబాదులో.

చలిజ్వరాన్ని, అనగా మలేరియాను, చక్కగా అర్థం చేసుకొన్నవారికి జీవశాస్త్రంలోని రెండు మూల విషయాలు తేటపడతాయి. మొదటిది, జీవులు తమవంటి జీవులను ఎలా పుట్టిస్తాయి అనేది. రెండవది, ఒక జీవి తనలో ప్రవేశించిన మరొక జీవితో ఎలా పోరాడుతుంది అనేది. ఈ రెండూ వేర్వేరు విషయాలుగా పాఠ్యపుస్తకాలలో కనిపిస్తాయి. నిజానికి అవి ఒకే కథలోని రెండు భాగాలు. రోగం అంటే ఒక సూక్ష్మజీవి మరొక జీవి శరీరంలో సంతానాన్ని పెంచుకోవడమే. రోగనిరోధం అంటే ఆ సంతానవృద్ధిని అరికట్టడమే.

రెండు విధాల పునరుత్పత్తి

ప్రాణం ఉన్న ప్రతిదీ పుడుతుంది, పెరుగుతుంది, గతిస్తుంది. జాతి నిలవాలంటే గతించేలోగా తనవంటి మరొక జీవిని విడిచిపోవాలి. దీనికి ప్రకృతిలో రెండు మార్గాలు కనిపిస్తాయి.

మొదటిది అలైంగిక పునరుత్పత్తి. ఇందులో ఆడ, మగ అనే భేదం లేదు. ఒకే జీవి రెండుగా గాని, అనేకంగా గాని విడిపోతుంది. పాలలో వేసిన తోడు తెల్లవారేసరికి కుండ అంతటినీ పెరుగుగా మార్చడానికి కారణం ఇదే. తోడులోని సూక్ష్మజీవులు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోతూ కోట్లకు పెరుగుతాయి. ఈ పద్ధతిలో వేగం ఎక్కువ, వైవిధ్యం తక్కువ. పుట్టినవన్నీ తల్లికి నకళ్లే.

రెండవది లైంగిక పునరుత్పత్తి. ఇందులో ఆడ బీజకణం, మగ బీజకణం కలిసి సంయుక్త బీజం ఏర్పడుతుంది. బిడ్డకు సగం లక్షణాలు తల్లి నుండి, సగం తండ్రి నుండి సంక్రమిస్తాయి. అందువల్లనే ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు కూడా ఒకరివలె ఒకరు ఉండరు. ఈ పద్ధతిలో వేగం తక్కువ, వైవిధ్యం ఎక్కువ. ఆ వైవిధ్యానికి గల ప్రయోజనం గొప్పది. ఒక అంటువ్యాధి వచ్చినప్పుడు అందరి శరీరాలూ ఒకే విధంగా ఉంటే అందరూ ఒకే విధంగా నశిస్తారు. శరీరాలు భిన్నంగా ఉన్నందువల్ల కొందరైనా తట్టుకొని నిలుస్తారు.

మలేరియా పరాన్నజీవి ఈ రెండు మార్గాలనూ అనుసరించడం విశేషం. మానవ శరీరంలో అది అలైంగికంగా పెరుగుతుంది. దోమ శరీరంలో లైంగికంగా సంతానాన్ని కంటుంది. ఈ రహస్యం బయటపడిన విధానం తెలుసుకోదగినది.

సికింద్రాబాదులో ఒక ఆగస్టు నెల

1880లో అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ పట్టణంలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు చలిజ్వర రోగి రక్తంలో సజీవంగా కదులుతున్న సూక్ష్మజీవిని చూశాడు. జ్వరానికి కారణం చెడుగాలి కాదని, రక్తంలో నివసించే పరాన్నజీవి అని ఆయన ప్రకటించాడు. కాని అది ఒక మనిషి రక్తం నుండి మరొక మనిషి రక్తంలోకి ఎలా పోతున్నదో తెలియలేదు. దోమలకు ఇందులో పాత్ర ఉండవచ్చునని లండనులోని ప్యాట్రిక్ మాన్సన్ ఊహించాడు. ఆ ఊహను పరీక్షించే పనిని చేపట్టినవాడు రోనాల్డ్ రాస్. ఆయన 1857లో హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించి, భారత వైద్య సర్వీసులో చేరి, 1895 నుండి సికింద్రాబాదు దండులో పనిచేశాడు. అప్పుడు హైదరాబాదును పరిపాలిస్తున్నవాడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆయనను బట్టే వచ్చినది.

రాస్ రెండు సంవత్సరాలు కష్టపడినా ఫలితం కనబడలేదు. దోమలన్నీ ఒకటే కావని, ఆయన పరీక్షిస్తున్నవి తగిన జాతి కావని అప్పటికి తెలియదు. చివరకు 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలు గల కొన్ని దోమలు ఆయనకు లభించాయి. ఇవే అనాఫిలిస్ జాతి దోమలు. బేగంపేటలోని ఆస్పత్రిలో హుస్సేన్‌ఖాన్ అనే జ్వర రోగి ఉన్నాడు. దోమతెరలో కూర్చుని ఆ దోమలచేత కుట్టించుకోవడానికి అతడు అంగీకరించాడు. ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున అతనికి ప్రతిఫలం ముట్టినది. శాస్త్ర చరిత్రలో ఇంత చౌకగా లభించిన సహాయం మరొకటి ఉండదేమో.

16వ తేదీన రక్తం త్రాగిన ఆ దోమలలో ఒకదానిని రాస్ 20వ తేదీన కోసి చూశాడు. దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయించుకోకుండా, ఉక్కపోతలో చెమట ఓడుతూ సూక్ష్మదర్శినిలో చూస్తుండగా, దోమ జీర్ణాశయపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లని రంగు రేణువులు ఉన్నాయి. ఆ నల్లని రేణువులు మలేరియా పరాన్నజీవికి ప్రత్యేక చిహ్నం. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను తిని విడిచిన మలినం. మరునాడు మిగిలిన మరొక దోమను కోయగా అవే కణాలు ముందునాటికంటే పెద్దవిగా కనిపించాయి. పెరిగినదంటే అది ప్రాణం గలది. దోమ కడుపులో పరాన్నజీవి చావడం లేదు, పెరుగుతున్నది. ఈ ఫలితం అదే సంవత్సరం డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. ఆగస్టు 20వ తేదీని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

తర్వాత రాస్ కలకత్తాకు బదిలీ అయి, అక్కడ 1898లో పక్షులకు వచ్చే మలేరియాపై పరిశోధన జరిపాడు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు ఆయనకు దోమలను సేకరించి, పెంచి, ఎంతో నేర్పుతో సహకరించాడు. పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని, కాటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న పక్షికి అంటుతుందని అక్కడ రుజువైనది. మానవ మలేరియా అనాఫిలిస్ దోమ ద్వారానే వ్యాపిస్తుందని అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ మొదలైనవారు నిరూపించారు. రాస్‌కు 1902లోను, లావెరాన్‌కు 1907లోను నోబెల్ బహుమతి లభించినది. బేగంపేటలోని ఆ భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవశాస్త్ర సంస్థ పేరిట ఉన్నది.

మానవ శరీరంలో పరాన్నజీవి సంతానం

వ్యాధిగల దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు స్పోరోజాయిట్లు అనే సన్నని సూదివంటి రూపాలు చర్మంలో ప్రవేశిస్తాయి. అవి రక్తంలో చేరి, కొద్దిసేపటిలోనే కాలేయానికి పోయి అక్కడి కణాలలో దాగుతాయి. సుమారు వారం రోజులు రోగికి ఏ బాధా తెలియదు. ఈలోగా కాలేయ కణంలో చేరిన ఒక్క స్పోరోజాయిటు వేల సంఖ్యలో విడిపోతుంది. కణం పగిలి ఆ సంతానమంతా రక్తంలోకి వస్తుంది. ఇప్పుడవి ఎర్ర రక్తకణాలలో దూరుతాయి.

ఎర్ర రక్తకణంలో చేరిన పరాన్నజీవి హీమోగ్లోబిన్‌ను తింటూ పెరిగి, మళ్లీ అనేకంగా విడిపోతుంది. వైవాక్స్, ఫాల్సిపారం అనే రెండు ముఖ్య జాతులలోను దీనికి సుమారు 48 గంటలు పడుతుంది. ఒక్కటి 16గా విడిపోతుందనుకొంటే, అన్నీ బ్రతికిన పక్షంలో, నాలుగు రోజులకు 256, ఎనిమిది రోజులకు 65,536, పది రోజులకు పది లక్షలకు పైగా అవుతాయి. కణాలన్నీ ఇంచుమించు ఒకేసారి పగిలి, వాటిలోని మలినాలు రక్తంలో కలిసినప్పుడు చలి, వణుకు, తీవ్ర జ్వరం, చివరకు చెమట వస్తాయి. రోజు విడిచి రోజు వచ్చే జ్వరమని పెద్దలు అనేది దీనినే. జ్వరపు గడియారాన్ని నడిపేది పరాన్నజీవి కాన్పు సమయమే.

ఈ రెండు జాతులకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఫాల్సిపారం సోకిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కొంటాయి. మెదడులో ఇలా జరిగితే రోగి స్పృహ తప్పి మరణించే ప్రమాదం ఉన్నది. వైవాక్స్ సాధారణంగా అంత ప్రమాదకరం కాకపోయినా మొండిది. దాని సంతానంలో కొన్ని కాలేయంలో నిద్రాణంగా ఉండిపోయి, వారాల తర్వాతనో నెలల తర్వాతనో మేల్కొని జ్వరాన్ని మళ్లీ తెస్తాయి. పని వెతుక్కొంటూ దూరదేశపు ప్రాజెక్టులకు వలసపోయిన పాలమూరు కూలీ అక్కడ కుట్టిన దోమ ఫలితాన్ని ఇంటికి తిరిగి వచ్చిన తర్వాత అనుభవించడం ఈ కారణంగానే సాధ్యమవుతుంది. అతడు ఊరి నీటిని నిందిస్తాడు. జ్వరపు బీజం మాత్రం అతని కాలేయంలోనే ప్రయాణం చేసి వచ్చి ఉంటుంది.

దోమ శరీరంలో వివాహం

రక్తంలో పెరిగిన పరాన్నజీవులలో కొన్ని విడిపోవడం మాని, ఆడ, మగ రూపాలుగా మారుతాయి. మానవుని రక్తంలో అవి కలవవు; వేచి ఉంటాయి. అనాఫిలిస్ దోమ రక్తం పీల్చినప్పుడు దాని కడుపులోకి చేరి, అక్కడ మేల్కొంటాయి. మగ రూపం నుండి ఎనిమిది సన్నని కొరడావంటి బీజకణాలు వెలువడతాయి. వాటిలో ఒకటి ఆడ బీజకణంతో కలుస్తుంది. లావెరాన్ చూసిన కదిలే తంతువులు ఇవే. అవి మగ బీజకణాలని 1897లోనే మెకల్లమ్ అనే వైద్యవిద్యార్థి పక్షుల రక్తంలోని ఇటువంటి పరాన్నజీవులను చూసి గుర్తించాడు.

సంయుక్త బీజం దోమ జీర్ణాశయపు గోడలోకి చొచ్చుకొనిపోయి గుండ్రని తిత్తిగా మారుతుంది. రాస్ చూసినది ఈ తిత్తినే. దానిలో వేలాది స్పోరోజాయిట్లు తయారై, తిత్తి పగిలినప్పుడు లాలాజల గ్రంథులకు చేరుతాయి. ఇదంతా జరగడానికి వాతావరణపు వేడిని బట్టి సుమారు పది నుండి పదిహేను రోజులు, చల్లని ప్రాంతాలలో అంతకంటే ఎక్కువ పడుతుంది. కాబట్టి నేడు రోగిని కుట్టిన దోమ రేపే మరొకరికి జ్వరాన్ని ఇవ్వలేదు. దోమ ఆ పది పదిహేను రోజులు బ్రతకాలి. ఇంటి గోడలపై మందు చల్లడం, మందు పట్టించిన దోమతెరలు వాడడం ఎందుకు పనిచేస్తాయో దీనిని బట్టి తెలుస్తుంది. దోమలన్నింటినీ చంపనక్కరలేదు. అవి ముసలివి కాకుండా చూస్తే చాలు.

దోమ ఎందుకు కుడుతుంది?

మగ దోమ ఎవరినీ కుట్టదు; పూల తేనెతో, మొక్కల రసాలతో బ్రతుకుతుంది. కుట్టేది ఆడదోమ మాత్రమే. అది కూడా తన ఆకలికి కాదు, గ్రుడ్ల కోసం. గ్రుడ్లు పరిపక్వం కావడానికి కావలసిన మాంసకృత్తులు దానికి రక్తం నుండి లభిస్తాయి. కాబట్టి మలేరియా ఒక తల్లి తన సంతానం కోసం చేసే ప్రయత్నంలో, మరొక జీవి తన సంతానాన్ని చేరవేసుకొనే వ్యవహారం.

అనాఫిలిస్ ఒక్కొక్క గ్రుడ్డును విడివిడిగా నీటిపై పెడుతుంది. గ్రుడ్డు నుండి లార్వా, లార్వా నుండి ప్యూపా, ప్యూపా నుండి దోమ. వేడి రోజులలో దీనికి సుమారు ఒక వారం నుండి పది రోజులు పడుతుంది. అనాఫిలిస్ లార్వా నీటి పైభాగానికి సమాంతరంగా పడుకొని ఉంటుంది. క్యూలెక్స్ లార్వా తలక్రిందుగా వేలాడుతుంది. ఏ గ్రామంలోని బాలుడైనా నిలిచిన నీటిని గిన్నెతో ముంచి చూసి ఈ భేదాన్ని గుర్తించవచ్చు.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. రంగసముద్రం వంటి పెద్ద చెరువు పక్కన ఉన్నంత మాత్రాన జ్వరం తప్పదా? తప్పదనుకోవడం సరికాదు. అలలు కదిలే లోతైన నీటిలో, చేపలున్న చోట, దోమ లార్వా బ్రతకడం కష్టం. ప్రమాదం ఉన్నది చెరువు అంచులలోని నాచు పట్టిన నీటిలో, కట్ట క్రింద ఊరే మడుగులలో, పశువుల గిట్టల గుంతలలో, కాలువలలో, వాడకం మానిన బావులలో, మూతలేని తొట్లలో. పల్లెలలో మలేరియాను ఎక్కువగా వ్యాపింపజేసే అనాఫిలిస్ కులిసిఫాసిస్ ఇటువంటి నీటిలో పెరుగుతుంది. పట్టణాలలో అనాఫిలిస్ స్టీఫెన్సీ బావులలో, ఇంటి పైకప్పు మీది ట్యాంకులలో పెరుగుతుంది. డెంగీ జ్వరాన్ని తెచ్చే ఈడిస్ దోమకు ఇంటిలోని డ్రమ్ము, పాత టైరు, పూలకుండీ క్రింది పళ్లెం చాలు.

శరీరం జరిపే పోరాటం

శత్రువు ఇంత వేగంగా సంతానాన్ని పెంచుకొంటున్నప్పుడు శరీరం చూస్తూ ఊరుకోదు. దానికి రెండు వరుసల రక్షణ ఉన్నది.

మొదటి వరుస పుట్టుకతో వచ్చినది. చర్మం, కన్నీరు, లాలాజలం, జీర్ణాశయపు ఆమ్లం సూక్ష్మజీవులను బయటనే ఆపుతాయి. లోపలికి వచ్చినవాటిని కొన్ని తెల్ల రక్తకణాలు చుట్టుముట్టి మింగివేస్తాయి. ఈ భక్షక కణాల సంగతిని 1882లో మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు నక్షత్రచేప లార్వాలో ముల్లు గుచ్చి పరిశీలించి కనుగొన్నాడు. మలేరియాలో పాడైన ఎర్రకణాలను ప్లీహం వడగట్టి నాశనం చేస్తుంది. మళ్లీ మళ్లీ జ్వరం వస్తే ఆ శ్రమకు ప్లీహం వాచిపోతుంది. కడుపులో బల్ల పెరిగినదని పల్లెలలో అనేది తరచుగా దీనినే. పూర్వం ఒక ప్రాంతంలో మలేరియా ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి వైద్యులు పిల్లల కడుపులో ప్లీహాన్ని తడిమి చూసేవారు.

రెండవ వరుస నేర్చుకొన్నది. లింఫోసైట్లు అనే తెల్లకణాలు శరీరంలో కోట్లకొలది ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క రకం పరాయి పదార్థాన్ని మాత్రమే గుర్తించగలదు. తాళాలు వేరు, తాళంచెవులు వేరు అయినట్లే. ఒక సూక్ష్మజీవి ప్రవేశించినప్పుడు దానికి సరిపోయిన కొద్ది కణాలు మాత్రమే మేల్కొంటాయి. మేల్కొని అవి ఏమి చేస్తాయి? అవి కూడా విడిపోతాయి! ఒకటి రెండుగా, రెండు నాలుగుగా, కొద్ది రోజులలో వేలకు వేలుగా పెరుగుతాయి. వాటిలో కొన్ని ప్రతిరక్షకాలను తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. కొన్ని రోగగ్రస్తమైన కణాలను చంపుతాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా నిలిచిపోతాయి. ఈ సిద్ధాంతాన్ని 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్ స్పష్టంగా ప్రతిపాదించాడు.

రోగి మంచంపై పడుకొని ఉన్నప్పుడు అతని లోపల జరిగేది రెండు సంతానాల పోటీ అని దీనిని బట్టి తెలుస్తుంది. సూక్ష్మజీవి ముందు బయలుదేరినది. రక్షక కణాలు ఆలస్యంగా బయలుదేరినవి. అవి దానిని అందుకొంటే రోగి బ్రతుకుతాడు. మందు చేసే పని ఆ పరుగులో శత్రువును నిలువరించి శరీరానికి వ్యవధి ఇవ్వడమే.

మశూచి పోయినది, మలేరియా ఎందుకు పోలేదు?

మశూచి ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్లీ రాదని ప్రజలకు ఎప్పటినుండో తెలుసు. దానికీ తట్టుకూ గల భేదాన్ని వివరంగా వర్ణించిన గ్రంథాన్ని పదవ శతాబ్దం నాటికే అబూబక్ర్ అల్ రాజీ అరబ్బీలో రచించాడు. టీకా అంటే నిజమైన రోగం లేకుండానే జ్ఞాపక కణాలను తయారుచేయడం. మశూచి వైరస్ తన రూపాన్ని పెద్దగా మార్చుకోదు. మనిషిలో తప్ప మరెక్కడా నివసించదు. అందువల్ల టీకాతో దానిని తరిమివేయడం సాధ్యమైనది. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో నమోదైనది. 1980లో ప్రపంచమంతటా మశూచి నిర్మూలనమైనదని ప్రకటించారు.

మలేరియా పరాన్నజీవి అటువంటిది కాదు. అది కాలేయంలో ఒక రూపంలో, రక్తంలో మరొక రూపంలో, దోమలో వేరొక రూపంలో ఉంటుంది. ఒక రూపానికి తయారైన ప్రతిరక్షకం మరొక రూపానికి పనికిరాదు. అంతేకాదు, ఫాల్సిపారం తాను నివసించే ఎర్రకణం పైభాగంలో ఉంచే ఒక ముఖ్యమైన మాంసకృత్తుకు సుమారు అరవై వేర్వేరు జన్యువులు దాని వద్ద ఉన్నాయి. శరీరం ఒకదానిని గుర్తుపట్టేసరికి అది మరొకదానిని తొడుగుకొంటుంది. దోమలో జరిగే లైంగిక కలయిక వల్ల కొత్త కొత్త మేళవింపులు పుడుతూనే ఉంటాయి. అందుచేత మలేరియా పదేపదే వచ్చినవారికి కొంత తట్టుకొనే శక్తి మాత్రమే కలుగుతుంది. ఆ ప్రాంతాన్ని విడిచిపోతే అదీ క్రమంగా సన్నగిల్లుతుంది.

ఈ కష్టం వల్లనే మలేరియా టీకాకు దశాబ్దాలు పట్టినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదటి టీకాను, 2023లో రెండవ టీకాను, ముఖ్యంగా ఆఫ్రికా ఖండపు పిల్లల కోసం సిఫారసు చేసినది. మొదటిదాని ఉత్పత్తిలో హైదరాబాదులోని భారత్ బయోటెక్‌కు భాగస్వామ్యం ఉన్నది; రెండవది పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారవుతున్నది. ఇవి ప్రాణాలను కాపాడుతున్నవే గాని మశూచి టీకావలె సంపూర్ణ రక్షణ ఇచ్చేవి కావు.

అలసత్వం ఎంత ప్రమాదకరమో దేశ చరిత్రే చెబుతున్నది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షల మంది మరణించేవారని అంచనా. 1953లో ప్రారంభమైన నియంత్రణ కార్యక్రమం, 1958లో మొదలైన నిర్మూలన కార్యక్రమం ఫలితంగా 1960 దశకం మధ్యకు కేసులు ఏటా లక్ష ప్రాంతానికి తగ్గాయి. మలేరియా పోయినదని అందరూ నిశ్చింతగా ఉన్నారు. దోమలు మందుకు అలవాటుపడ్డాయి, పర్యవేక్షణ సడలినది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. తర్వాతి దశాబ్దాల కృషితో ఇప్పుడు మళ్లీ బాగా తగ్గాయి. 2030 నాటికి దేశం నుండి మలేరియాను తొలగించాలనేది లక్ష్యం. కేసులు తగ్గిన ఈ రోజులే అత్యంత జాగ్రత్త అవసరమైన రోజులు.

తల్లి, బిడ్డ

పునరుత్పత్తి, రోగనిరోధం అనే రెండు దారులు గర్భిణి శరీరంలో కలుస్తాయి. బిడ్డలో సగం లక్షణాలు తండ్రివి. ఆ విధంగా చూస్తే బిడ్డ తల్లి శరీరానికి కొంత పరాయిదే. అయినా తల్లి రక్షణ వ్యవస్థ బిడ్డపై దాడి చేయకుండా అనేక ఏర్పాట్లు ఉన్నాయి. పైగా గర్భం చివరి నెలలలో తల్లి తన ప్రతిరక్షకాలను మావి ద్వారా బిడ్డకు పంపుతుంది. పుట్టిన తర్వాత చనుబాల ద్వారా మరికొన్ని ఇస్తుంది. మొదటి కొద్ది నెలలు శిశువు తల్లి అనుభవించిన రోగాల జ్ఞాపకంతోనే రక్షింపబడుతుంది. మొదటి రోజుల ముర్రుపాలను పిండి పారబోయడం ఎంత పొరపాటో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కాని ఫాల్సిపారం ఇక్కడ కూడా దారి వెతుక్కొన్నది. అది సోకిన ఎర్రకణాలు మావిలో అతుక్కొని గుమిగూడుతాయి. తల్లికి రక్తహీనత, బిడ్డకు తక్కువ బరువు, ఒక్కొక్కసారి గర్భస్రావం కలుగుతాయి. మావి మొదటి గర్భంతోనే ఏర్పడే కొత్త అవయవం కాబట్టి, అక్కడ దాగే పరాన్నజీవి రూపం తల్లి శరీరానికి పరిచయం లేనిది. అందుకే మలేరియా ఎక్కువగా ఉండే చోట్ల మొదటి కాన్పు స్త్రీలకు ప్రమాదం అధికం. కోడలికి జ్వరం వస్తే వేవిళ్లనో, అలసట అనో సరిపెట్టుకోకుండా వెంటనే రక్తపరీక్ష చేయించడం ఇంటి పెద్దల బాధ్యత.

వంశంలో మిగిలిన గుర్తు

వేల సంవత్సరాలు మలేరియాతో బ్రతికిన జనుల రక్తంలో దాని గుర్తు నిలిచిపోయినది. తలసీమియా, సికిల్‌సెల్ అనే రక్తదోషాలు మలేరియా ఉన్న దేశాలలోనే ఎందుకు ఎక్కువ? 1949లో హాల్డేన్ తలసీమియా విషయంలో ఒక కారణం సూచించాడు. 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో సికిల్‌సెల్ విషయంలో నిరూపించాడు. ఈ దోషపు జన్యువు తల్లి నుండి గాని, తండ్రి నుండి గాని ఒక్కటే సంక్రమిస్తే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. పైగా తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ పొందుతాడు. అందువల్ల ఆ జన్యువు తరతరాలుగా నిలిచినది. కాని ఇద్దరి నుండీ సంక్రమిస్తే బిడ్డ తీవ్ర రోగి అవుతాడు. తలసీమియా బిడ్డకు జీవితాంతం రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి వస్తుంది.

భార్యాభర్తలిద్దరూ ఒక్కొక్క దోష జన్యువును మోస్తున్నవారైతే, ప్రతి కాన్పులోను బిడ్డ రోగి అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకు వచ్చినది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం తప్పు. ప్రతి కాన్పుకూ లెక్క కొత్తగానే మొదలవుతుంది. భారతదేశంలో నూటికి ముగ్గురు నలుగురు తలసీమియా జన్యువును మోస్తున్నారని అంచనా. రక్తసంబంధీకులు ఒకే తాత, అవ్వల నుండి ఒకే జన్యువును పొందే అవకాశం ఎక్కువ కాబట్టి, మేనరికాలలోను, దగ్గరి బంధువుల వివాహాలలోను ఈ ప్రమాదం పెరుగుతుంది. తెలుగునాట హిందువులలో మేనమామ, మేనత్త బిడ్డల వివాహాలు, ముస్లింలలో పినతండ్రి, పెదతండ్రి బిడ్డల వివాహాలు కూడా వాడుకలో ఉన్నవే. బంధువుల వివాహం ముస్లింలకు అనుమతించబడినదే గాని విధిగా చేయవలసినది కాదు. నిశ్చయానికి ముందే ఇరువురికీ హీమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తే చాలు. ఒక సాధారణ రక్తపరీక్ష ఒక కుటుంబాన్ని జీవితకాల దుఃఖం నుండి తప్పించగలదు. పరీక్షలో దోష జన్యువు ఉన్నట్లు తేలితే అది ఆ పిల్లకు గాని, పిల్లవానికి గాని అవమానం కాదు. అది వారి పూర్వీకులు ఒకప్పుడు జ్వరాన్ని జయించి బ్రతికారనడానికి సాక్ష్యం.

చేయదగినది

పైన చెప్పిన జీవశాస్త్రం నుండి ఆచరణ దానంతట అదే తేలుతుంది. దోమ గ్రుడ్డు దోమగా మారడానికి కనీసం వారం పడుతుంది కాబట్టి, ఇంటిలోని తొట్లను, డ్రమ్ములను వారానికొకసారి ఖాళీ చేసి, గోడలు రుద్ది కడిగి, ఆరబెట్టాలి. ఈడిస్ గ్రుడ్లు పాత్ర గోడకు అంటి ఎండినా చావవు. అందుకే రుద్దడం అవసరం. ఖాళీ చేయడానికి వీలులేని బావులలో, మస్జిదులోని వజూ హౌజులో లార్వాను తినే గంబూసియా, గప్పీ చేపలను వదలవచ్చు. సహజమైన చెరువులలో మాత్రం ఈ పరాయి చేపలను వదలకూడదు; అక్కడి చేపలకు అవి హాని చేస్తాయి.

జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష, చికిత్స ఉచితం. వైవాక్స్ అని తేలితే కాలేయంలో నిద్రించే రూపాలను చంపడానికి ప్రిమాక్విన్ మాత్రను సాధారణంగా 14 రోజులు వాడవలసి ఉంటుంది. మూడవ రోజు జ్వరం తగ్గగానే మాత్రలు మానినవారికే జ్వరం తిరగబెడుతుంది. ఇది గర్భిణులకు, పసిపిల్లలకు పనికిరాదు. జీ6పీడీ అనే పదార్థం శరీరంలో లోపించినవారికి కూడా హాని చేస్తుంది. కాబట్టి వైద్యుని సలహా లేకుండా వాడరాదు. చికిత్స మధ్యలో రంజాన్ మాసం వచ్చినదని మందు మానవలసిన పని లేదు. రోగి ఉపవాసాలను తర్వాతి రోజులకు వాయిదా వేసుకొనే సౌలభ్యం ధర్మంలోనే ఉన్నది.

1897లో బేగంపేట ఆస్పత్రిలో దోమతెరలో కూర్చున్న హుస్సేన్‌ఖాన్‌కు తన రక్తంలో ఏమున్నదో తెలియదు. తెలిసే అవకాశమూ నాడు లేదు. నేడు శ్రీరంగాపూర్‌లోని పాఠశాల పిల్లవానికి కూడా అది తెలియగలదు. చెరువు నీరు అప్పటివలెనే ఉన్నది, దోమ అప్పటివలెనే ఉన్నది. మారినది మనిషి తెలివిడి ఒక్కటే. దానిని ఇంటిలో ఆచరణలో పెట్టినప్పుడే హుస్సేన్‌ఖాన్ అణాలకు అమ్మిన రక్తానికి తగిన విలువ దక్కినట్లు అవుతుంది.